పాట మారే చోట

రాజపాళయం,
27 జూన్ 2025

మామకు,

క్షేమ సమాచారాలతో మొదలుపెట్టే ఓపిక ఇవాళ నాకు లేదు. మంసాపురానికి అరగంటకొక బస్సుంది, నా చేతిలో ఫోనుంది, అయినా కాగితం మీద రాస్తున్నాను. ఫోన్లో అయితే మీరు నాలుగో మాటకే "సరి సరి, వచ్చినప్పుడు మాట్లాడుకుందాం" అని పెట్టేస్తారు. ఇంటికొస్తే అన్నం పెట్టి నా నోరు మూయిస్తారు. ఈ కాగితాన్ని మాత్రం చివరిదాకా చదవక తప్పదు. పైగా మన రెండిళ్ళలో ఈ అక్షరాలు చదవగలిగింది మీరూ నేనూ మాత్రమే. అమ్మకు తమిళం తప్ప చదవడం రాదు, ముకుంద్ బావ నేర్చుకోనే లేదు. చిన్నప్పుడు సెలవుల్లో పలక మీద తెలుగు దిద్దించినందుకు మీకు దండం. ఆ తెలుగులోనే ఇప్పుడు మీతో పోట్లాడుతున్నాను.

జరిగింది చెప్తాను. బడిలో నైన్త్ పిల్లలకు నేను కంప్యూటర్ పాఠం చెప్తానని మీకు తెలుసు. ఈ వారం పాఠం, నెట్‌లో వీడియోలు వచ్చిన తొలి రోజుల గురించి. అప్పట్లో వీడియో అంటే అగ్గిపెట్టంత బొమ్మ, మసకమసకగా, ఆగి ఆగి కదిలేది. జనానికి అదొక కొత్త ఆట. ఇంట్లో పిల్లి దూకినా పెట్టేవాళ్ళు, పెళ్ళి జరిగినా పెట్టేవాళ్ళు. మన చుట్టాలు చూసుకుంటారులే అనుకున్నారు గాని, ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఏళ్ళ తరబడి చూస్తారని ఎవరికీ తోచలేదు. నెట్‌లో మనం వేసిన అడుగులే కాదు, మన పేరుతో ఇంకొకరు వేసిన అడుగులు కూడా మిగిలిపోతాయని పిల్లలకు చెప్పాను. "మన రాజపాళయం గురించి నెట్‌లో ఉన్న పాత వీడియో ఎవరు వెతికి తెస్తారో చూద్దాం" అని హోంవర్క్ ఇచ్చాను. ఏ మిల్లు ఫంక్షనో, మన ఊరి కుక్కల పోటీయో తెస్తారనుకున్నాను.

మర్నాడు కళైసెల్వి అనే పిల్ల చెయ్యెత్తింది. "2009 మిస్. పేరులోనే రాజపాళయం అని ఉంది మిస్" అంది. పెద్ద తెర మీద పెట్టమన్నాను. ముందుగా చూసుకోకపోవడం నా బుద్ధితక్కువ.

తెర మీద ఒక తామరపువ్వు విచ్చుకుంది. అందులోంచి నేను లేచాను.

నా పెద్దమనిషి సడంగు, మామా. పదమూడేళ్ళ నేను, మోయలేనన్ని నగలు, తలనిండా పూలు. గడ్డం కింద చెయ్యి పెట్టించి, చుట్టూ హార్ట్ బొమ్మలు తిప్పించి, ఆ స్టూడియోవాడికి తెలిసిన విద్యలన్నీ నా మీదే చూపించాడు. "ఆర్. అర్చన, మంజల్ నీరాట్టు విళా, రాజపాళయం" అని నా పూర్తి పేరూ, పసుపునీళ్ళ వేడుకా, ఊరూ. దాని కింద "తాయ్ మామన్ కె. రఘురామ, మంసాపురం" అని మేనమామగా బంగారు రంగులో మీ పేరు.

వెనక బెంచీలోంచి ఎవడో "మిస్సు డా!" అని అరిచాడు. ఇక నవ్వులే నవ్వులు. నేను వైరు పీకేసి, బోర్డు వైపు తిరిగి, ఏదో రాస్తున్నట్టు నిలబడ్డాను.

సాయంత్రానికల్లా నేను ఏడుస్తున్న ముక్కను కత్తిరించి వాట్సాప్ స్టిక్కర్ చేశారు. కింద "హోంవర్క్ చేయలేదు" అని రాశారు. బడిలో సగం ఫోన్లలో ఇప్పుడు అదే ఉంది. మా టీచర్ల గ్రూపులో కూడా మహేంద్రన్ సార్ పంపించి, నేను చూశాక తుడిచేశాడు.

బావకు ఫోన్ చేశాను. వీడియో పెట్టిన అకౌంట్ ఇంకా తన చేతిలోనే ఉందట. తీయడం ఒక్క నొక్కుడు పనేనట. "కానీ నాన్న తీయకూడదన్నాడు. నువ్వు ఆయన్నే అడుగు" అన్నాడు. అడుగుతున్నాను. పెట్టేటప్పుడు నన్ను ఎవరూ అడగలేదు, తీయడానికి మాత్రం నేను ఒకరిని అడగాలి. వెంటనే తీయించండి.

అర్చన


మంసాపురం,
2 జూలై 2025

పాపా అర్చనకు మామ ఆశీర్వాదం.

అరగంట బస్సు దూరానికి స్టాంపు అంటించిన ఘనత మన వంశంలో నీదే. పోస్ట్‌మేన్ రామర్ కూడా కవరు తిప్పి తిప్పి చూసినాడు. "ఎన్న అయ్యా, కోర్టు నోటీసా?" అని అడిగినాడు. ఆమా, కోర్టు నోటీసే అన్నాను.

నీ కోపం తెలిసింది గాని కారణం తెలియలేదు. ఆ వీడియోలో నువ్వేమన్నా దొంగతనం చేస్తా దొరికినావా? పెద్దమనిషివి అయినావు, నలుగురిని పిలిచి చేసినాము. నువ్వు కూర్చునే గుడిసె పచ్చి కొబ్బరి మట్టలతో నా చేతులతో కట్టినాను. మేళం తళవాయిపురం నుంచి పిలిపించినాను. మేనమామ సీరు అంటే ఎట్లా ఉండాలో ఆ రోజు మీ వీధి చూసింది. చీర, గాజులు, పండ్లు, స్వీట్లు, పళ్ళెం వెనక పళ్ళెం, వీధి మొదలు నుంచి మీ గడప దాకా ఆడవాళ్ళు తలమీద పెట్టుకొని వచ్చినారు. అంత సీరు తెచ్చిన మేనమామను ఇంకొకణ్ణి చూపించు, అప్పుడు తీస్తాను.

బొంబాయిలో ఉన్న మా చిన్నాయన రాలేకపోయినాడు. ఆయన చూడాలనే ముకుంద్‌ను వెంటబెట్టుకొని బ్రౌజింగ్ సెంటర్‌కు పోయినాను. ఒక పూటంతా కూర్చుంటే గాని అది ఎక్కలేదు. మీ ఇంట్లో అందరూ సంతోషంగా చూసినారు, నువ్వూ చూసినావు. అప్పుడు ఒక్క మాట అనలేదే?

నువ్వే హోంవర్క్ ఇచ్చినావు. నువ్వే తెర మీద పెట్టించినావు. ఇప్పుడు మామ మీద పడతావా? పిల్లలు నవ్వితే బెంచీ ఎక్కించు. మేము వాధ్యార్ ఎదుట నవ్వినామా ఎప్పుడన్నా?

కనకం ఫోన్ చేసింది. "అన్నా, అది ఏదో రాసి ఉంటుంది, నువ్వు మనసులో పెట్టుకోవద్దు" అని ఏడ్చింది. మీ అమ్మను ఏడిపించే పని చేయొద్దు. మర్యాదగా చేసిన దాన్ని దాచుకునే గతి మనకు పట్టలేదు. తీసేది లేదు. తోటలో కడపటి మామిడికాయలు ఒక బుట్ట పంపుతున్నాను, గడ్డిలో పెట్టి మాగించుకో.

మామ


రాజపాళయం,
9 జూలై 2025

మామకు,

మీ మామిడిపళ్ళు నేను ముట్టలేదు. అమ్మ తిన్నది, బాగున్నాయన్నది.

అప్పుడు ఒక్క మాట అనలేదేమని అడిగారు. పదమూడేళ్ళ పిల్ల చుట్టూ ఇంటిల్లిపాదీ నిలబడి "ఎంత లక్షణంగా ఉన్నావో చూడు" అంటూ ఉంటే ఆ పిల్ల ఏమంటుంది? అంటే వినేవాళ్ళు ఎవరు? ఏడుస్తున్న మొహం వీడియోలోనే ఉంది కదా, అంతకన్నా గట్టిగా నేనేం చెప్పాలి?

ఒకటి సరిగ్గా తెలుసుకోండి. పెద్దమనిషిని అయినందుకు నాకు సిగ్గు లేదు. సైన్స్ మిస్ రాని రోజు ఆ పాఠం కూడా నేనే చెప్తాను, మగపిల్లల ముందే చెప్తాను. కానీ నా ఒంటి సంగతి ఎవరికి చెప్పాలో నేను ఎంచుకోవాలి. మీరు దాన్ని ఊరేగించి, ఆ ఊరేగింపును పదహారేళ్ళుగా ఆపకుండా నడుపుతున్నారు. కింద ఎవరెవరో ఏమేమి రాశారో ఎప్పుడైనా చదివారా? నేను చదివాను. మీకు రాసి పంపడానికి కూడా నా చెయ్యి రాదు.

మొన్న హెచ్చెమ్ పంకజవల్లి మేడమ్ పిలిచింది. "అర్చనా, ఆ వీడియో నెట్‌లో ఉండేవరకు నువ్వు నైన్త్ పక్కకు పోవద్దు. పేరెంట్స్ ఫోన్ మీద ఫోన్ చేస్తా ఉండారు. సిక్స్త్ తీసుకో" అంది.

"తప్పు ఎవరిది మేడమ్?" అని అడిగాను.

"తప్పు గురించి ఎవరు మాట్లాడినారమ్మా? స్కూలు పేరు గురించి చెప్తా ఉండాను" అంది.

మీది సీరు పేరు, ఆవిడది స్కూలు పేరు. వీడియో మీద రాసి ఉన్నది మాత్రం నా పేరు. నా నైన్త్ క్లాసు ఎవరికి ఇచ్చారో తెలుసా? మహేంద్రన్ సార్‌కు. ఆ స్టిక్కర్‌ను టీచర్లకు పంచిపెట్టిన మనిషికి! అక్షరాలు కూడబలుక్కునే రోజు నుంచి చూస్తున్న పిల్లలు వాళ్ళు. వాళ్ళకు ఈ పాఠం చెప్పాలని ఎన్ని రోజులు తయారయ్యానో నాకు తెలుసు. ఇప్పుడు ఆయన పోయి ఆ పాఠం వదిలేసి తరువాత పాఠం చెప్తున్నాడు.

నిన్న బస్ స్టాండులో కళైసెల్వి కనబడింది. నన్ను చూడగానే ఏడుపు మొదలుపెట్టింది. "సారీ మిస్, సత్తియంగా అది మీరని తెలియదు మిస్" అంది. నీ తప్పేం లేదన్నాను. పోకుండా అక్కడే నిలబడింది. కాసేపటికి "నాది కూడా ఉంది మిస్" అంది. "పోయిన ఏడు మా మామ లైవ్ పెట్టినాడు. పిలుపు పత్రికలోనే కోడ్ వేసినారు, ఫోన్ చూపిస్తే వీడియో వచ్చేస్తుంది. ఇప్పుడూ వస్తుంది. తీసేయమంటే అమ్మ కొట్టింది. మీరు తీయించుకున్నాక ఎట్లా తీయించినారో నాకు చెప్తారా మిస్?"

ఏం చెప్పమంటారు నన్ను? టీచర్‌ని అయ్యుండి నా వీడియో నేనే తీయించుకోలేకపోయానని చెప్పనా? ఆ పిల్ల మొహం చూడలేక వచ్చిన బస్సు ఎక్కేశాను. అది మా వీధి వైపు పోయే బస్సు కూడా కాదు.

ఇంకోసారి మర్యాద అనే మాట రాయకండి. మీరు రోజూ ఆ వీడియో పెట్టుకుని చూస్తారని బావ నోరు జారాడు. సీరు పళ్ళేలు చూసుకోవడానికి ఎవరూ రోజూ కూర్చోరు. అసలు కారణం ఏమిటో చెప్పండి.

అర్చన


మంసాపురం,
18 జూలై 2025

అర్చనకు,

ముకుంద్ నోటికి తాళం లేదు. చిన్నప్పటి నుంచీ అంతే.

కారణం అడిగినావు. చెప్తాను, చదివి ఊరుకో, మీ అమ్మకు చెప్పొద్దు. మీ అత్త ధనం పోయి నాలుగేళ్ళు దాటింది. మా పెళ్ళికి వీడియో లేదు. ముకుంద్ పెళ్ళి చూడకుండానే పోయింది. ఇంట్లో ధనం ఫోటోలు ఉన్నాయి, అన్నిట్లో నోరు మూసుకొని ఉంటుంది. బతికి ఉన్నప్పుడు ఆ మనిషి ఎన్నడన్నా నోరు మూసుకొని ఉండిందా, నువ్వే చెప్పు. ఫోటో చూస్తే ఎవరో పరాయిదాన్ని చూసినట్టు ఉంటుంది నాకు.

నీ సడంగు సీడీలు గీతలు పడి పోయినాయి. స్టూడియో మూసేసినారు. మిగిలింది నెట్‌లో ఉన్నదే. దానిలో కూడా స్టూడియోవాడు మొదటి నుంచి కడదాకా సినిమా పాటలే పోసినాడు. ఒక పాట అయిపోయి ఇంకో పాట ఎత్తుకునే చోట మాత్రం అక్కడ ఉండేవాళ్ళ గొంతులు వినపడతాయి. ఆ చోట ధనం "ఏమండీ" అని నన్ను పిలుస్తుంది. ఆమె కనపడదు, గొంతు మాత్రమే. పొద్దున కాఫీ తాగి అది వింటాను. వెనక్కి తిప్పి మళ్ళీ వింటాను. నా కాలం అట్లా పోతా ఉంది.

దించి ఇస్తాను నాన్నా అని ముకుంద్ అంటాడు. సీడీ ఎన్నటికీ పాడుకాదని చెప్పింది కూడా వాడే. నాకు నమ్మకం లేదు.

మీ అత్త చేత్తో ఎన్ని సెలవులు అన్నం తిన్నావో మరిచిపోయినావా? జ్వరం వస్తే మీ అమ్మ దగ్గరికి పోకుండా ఆమె పక్కన పడుకున్నదానివి. నీ బడిపిల్లలు రెండు రోజులు నవ్వినారని ఇప్పుడు ఆమె గొంతు నొక్కమంటావా? నాతో కాదు. చేతనైతే నువ్వే వచ్చి, నా ఎదుట నిలబడి, అత్త గొంతు తీసేయండి మామా అని చెప్పు.

రఘురామ


రాజపాళయం,
26 జూలై 2025

మామకు,

మీ ఉత్తరం చదివి ఏడ్చాను. ఆ తర్వాత, ఏడిపించి నా నోరు మూయించాలని చూసినందుకు ఇంతకు ముందుకన్నా ఎక్కువ కోపం వచ్చింది. అత్తను అడ్డం పెట్టుకుని మాట్లాడతారా నాతో?

మీరు రాసిన చోటు వెతికాను. ఇన్నాళ్ళూ ఆ వీడియోను మొదటి నుంచి చివరిదాకా చూసే ధైర్యం నాకు లేకపోయింది. నిన్న సాయంత్రం తలుపు వేసుకుని, హెడ్‌ఫోన్ పెట్టుకుని చూశాను. మీరు చెప్పింది నిజమే. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి కెమెరావాడు అటు తిప్పి ఇటు తిప్పి తీస్తున్న చోట, ఒక పాట అయిపోతుంది. అత్త "ఏమండీ" అంటుంది. అచ్చం ఆవిడే.

మీరు అక్కడ వెనక్కి తిప్పుతారు. నేను తిప్పలేదు.

తరువాత ఆవిడ ఏమందో రాస్తున్నాను. ఒక్క మాట కూడా నేను కలపలేదు. "ఏమండీ, చాలు ఆపమని చెప్పండి. బిడ్డ ఏడుస్తా ఉండాది. దానికి ఇష్టం లేదు, ఆ కెమెరా ఆపమనండి."

దానికి మీ జవాబు కూడా ఉంది. "నువ్వు లోపలికి పో ధనం. సీరు మొత్తం వీడియోలో రావాల." ఆ వెంటనే నాతో "నవ్వు పాపా, కొంచం నవ్వు, కెమెరా చూసి నవ్వు" అంటారు. ఎవరో ఇకిలిస్తారు. ఇంకో పాట వచ్చి పడుతుంది.

అంత మంది ఉన్నారు అక్కడ. అమ్మ కొత్త చీర సర్దుకుంటూ ఉంది. బావ లైటు పట్టుకుని నిలబడ్డాడు. అత్తలూ పిన్నులూ వదినలూ అందరూ ఉన్నారు. నా కోసం నోరు తెరిచింది ఆవిడ ఒక్కతే. నాకు ఇన్నేళ్ళూ ఆ సంగతే తెలియదు మామా! ఆ రోజు ఆ ఇంట్లో నా పక్షాన ఒక్క ప్రాణి కూడా లేదని అనుకుంటూ పెరిగాను. తెలిసి ఉంటే ఆవిడ ఉండగానే వెళ్ళి కాళ్ళ దగ్గర కూర్చునేదాన్ని. అది కూడా మీ పాటల కింద పడి నాకు దక్కకుండా పోయింది.

అత్త గొంతు నొక్కుతావా అని నన్ను అడిగారు. ఆవిడ మాట పూర్తి కాకుండా రోజూ పొద్దున్నే ఆపేస్తున్నది నేనా? ఆవిడ మిమ్మల్ని ఊరికే పిలవలేదు, ఒక పని చెప్పడానికి పిలిచింది. ఆ పని ఇప్పటికీ చేయలేదు మీరు.

మీ ఎదుట నిలబడి చెప్పమన్నారు. అవసరం లేదు. మీ ఎదుట నిలబడి ఆవిడే చెప్పింది.

అర్చన


మంసాపురం,
6 ఆగస్టు 2025

అర్చనకు,

ముకుంద్‌ను కోయంబత్తూరు నుంచి రమ్మన్నాను. లీవు లేదన్నాడు, రాకపోతే నేనే బస్సెక్కుతానని చెప్పినాను. ఆదివారం వచ్చినాడు.

కడదాకా విన్నాను. నువ్వు రాసినట్టే ఉంది.

తీయించినాను. నా కండ్ల ఎదుటనే తీసినాడు. ఇంకా రెండు చోట్ల ఎవరో దించుకొని పెట్టుకున్నారంట. వాటి మీద కంప్లయింట్ ఇచ్చినాడు, తీస్తారో లేదో చెప్పలేమన్నాడు. వాటి మీద కూడా బంగారు రంగులో నా పేరు ఉంది. వారానికొకసారి చూసి మళ్ళీ మళ్ళీ ఇవ్వమని వాణ్ణి అరిచినాను. మీ మేడమ్ దగ్గరికి నేను వచ్చి మాట్లాడనా?

తీసే ముందు ముకుంద్ ఒక పెన్ డ్రైవ్‌లో దించి నా చేతిలో పెట్టినాడు. ఇంకా పెట్టి చూడలేదు. దానిలో నువ్వు ఉన్నావు కాబట్టి అడుగుతున్నాను. నేను ఉంచుకోవచ్చునా? వద్దంటే వద్దు, నాకు కోపం రాదు.

మామ


రాజపాళయం,
13 ఆగస్టు 2025

మామకు,

మేడమ్ దగ్గరికి మీరు రావద్దు. వీడియో తీసేశారని నేనే చెప్పాను. "నల్లది, మంచిదయింది, సోమవారం నుంచి నైన్త్ తీసుకో" అంది, తాళంచెవి ఇచ్చినంత తేలిగ్గా. తప్పు ఎవరిదో ఇప్పటికీ చెప్పలేదు. మహేంద్రన్ సార్ మెట్ల మీద ఎదురుపడి ఫోన్ వైపు తలదించుకుని పోయాడు. నా కోపం తగ్గిందనుకోకండి, మీ మీద కూడా తగ్గలేదు.

సోమవారం క్లాసులోకి వెళ్ళి, ఆ స్టిక్కర్‌ను నేనే పెద్ద తెర మీద వేశాను. "ఈ పిల్ల ఎందుకు ఏడుస్తోంది?" అని అడిగాను. ఒకడు అలవాటుగా "హోంవర్క్ చేయలేదు మిస్" అనేసి నాలుక కరుచుకున్నాడు. "కెమెరా ఆపమని ఒకరు చెప్పారు, ఎవరూ ఆపలేదు. అందుకు" అన్నాను. తరువాత వదిలేసిన పాఠం మొదటి నుంచి చెప్పాను. గంట కొట్టాక కళైసెల్వి ఆగింది. వచ్చే వారం వాళ్ళ అమ్మతో మాట్లాడడానికి ఇంటికి వస్తానన్నాను. వాళ్ళ మామ కూడా ఉంటాడట. ఉండనీ.

ఇక పెన్ డ్రైవ్ సంగతి. అడిగారు కాబట్టి చెప్తున్నాను, నా మొహం మీరు ఉంచుకోకూడదు. అత్త గొంతు ఉంచుకోండి. ఆదివారం లాప్‌టాప్ పట్టుకుని వస్తాను. బొమ్మ తీసేసి, గొంతు వినబడే ఆ కాస్త చోటు కత్తిరించి మీ ఫోన్లో వేస్తాను. మిగతాది మీ ముందే తుడిచేస్తాను. మీకు వెనక్కి తిప్పడం అలవాటు కాబట్టి ముందే చెప్తున్నాను, "ఏమండీ" దగ్గర కత్తిరించను. ఆవిడ చెప్పిందంతా ఉంటుంది. మీరు చెప్పిన జవాబు కూడా ఉంటుంది.

అర్చన